అప్‌డేట్: అంబాసిడర్ ముందు ఆయిల్ లీక్ ఆగింది

పోయిన నెల అడిగాను కదా, నాన్నగారి 1489 సీసీ పెట్రోల్ అంబాసిడర్‌లో క్రాంక్ పుల్లీ (ఇంజిన్ ముందు బెల్టును తిప్పే చక్రం) కింద ఆయిల్ కారుతోందని. సంప్ గాస్కెట్ (ఇంజిన్ అడుగున ఆయిల్ తొట్టి అంచు ప్యాకింగ్) పోయిందని నేను, టైమింగ్ కవర్ సీల్ (ఇంజిన్ ముందు మూతలో పుల్లీ చుట్టూ ఆయిల్ ఆపే రింగు) పోయిందని మీలో చాలామంది. మీదే కరెక్టు.

రేడియేటర్ దింపి పుల్లీ లాగితే సంగతి బయటపడింది. సీల్ అంచు రాయిలా గట్టిపడింది. అది ఆనే చోట పుల్లీ మీద గోరు పట్టేంత గాడి! కొత్త సీల్ రాణిగంజ్‌లో దొరికింది, పుల్లీ దొరకలేదు. అందుకని సీల్‌ను గాడి తప్పించి, నున్నగా ఉన్న చోట ఆనేలా కూర్చోబెట్టాం.

మొదటిసారి కవర్ బోల్టులు బిగించేశాక పుల్లీ ఎక్కించాం. మళ్లీ కారింది. ఆ రోజంతా మూడ్ పాడు. రెండోసారి బోల్టులు వదులుగా ఉంచి, పుల్లీకి ఆయిల్ రాసి తోసి, కవర్ సరిగ్గా నడిమికి సర్దుకున్నాకే బిగించాం. ఇంజిన్ లోపలి గాలి బయటికి పోయే బ్రీదర్ గొట్టం కూడా మడ్డితో మూసుకుపోయింది, కిరోసిన్‌తో కడిగాం. అది మూసుకుంటే లోపలి ఒత్తిడికి కొత్త సీలైనా కక్కుతుంది మరి.

నిన్న శామీర్‌పేట దాకా వెళ్లొచ్చాను. రాత్రి ఇంజిన్ కింద పరిచిన పేపర్ పొద్దున పొడిగానే ఉంది. గేర్‌బాక్స్ దగ్గర మాత్రం ఒక చుక్క. "ముందు ఆగితే వెనక మొదలైందా?" అంది మా ఆవిడ.