నామినేట్ అయితే సగం నోబెల్ వచ్చినట్టేనా?

హనుమకొండ అభ్యర్థి:
అందరికీ నమస్తే. గ్రూప్-2కి చదువుతున్నాను. నిన్న రాత్రి అన్నాల దగ్గర మా బాబాయికీ నాకూ పెద్ద వాదన. 2025 జూన్‌లో పాకిస్తాన్ ప్రభుత్వం ట్రంప్ పేరు శాంతి బహుమతికి సిఫార్సు చేస్తామంది. జులైలో ఇజ్రాయెల్ ప్రధాని నెతన్యాహు వైట్‌హౌస్ విందులో సిఫార్సు లేఖ ఆయన చేతికే ఇచ్చారు. "నోబెల్ వాళ్లు ఊరికే నామినేట్ చేస్తారా, సగం వచ్చినట్టే" అంటాడు బాబాయి. ఆ పేర్లు కమిటీ వడపోసి పెట్టినవేనా?

రిటైర్డ్ సోషల్ మాస్టారు:
కాదు బాబూ. ఏ దేశ ఎంపీ అయినా, మంత్రి అయినా, హిస్టరీ, లా చెప్పే ప్రొఫెసరైనా జనవరి 31 లోపు పేరు పంపవచ్చు. మన లోక్‌సభ సభ్యులకూ ఆ హక్కుంది. వాళ్లు పంపితే చాలు, పేరు లిస్టులో చేరుతుంది. 2025కి అలా 338 పేర్లు చేరాయి, బహుమతి వెనిజులా ప్రతిపక్ష నాయకురాలు మచాడో ఒక్కరికే దక్కింది. వడపోత తర్వాతి పని, అది నార్వే పార్లమెంటు నియమించిన ఐదుగురి కమిటీది. 1939లో హిట్లర్ పేరు కూడా వెళ్లింది! స్వీడన్ ఎంపీ ఒకాయన వెటకారానికి రాసి, జనం మండిపడితే వెనక్కి తీసుకున్నారు.

విశాఖ అమ్మాయి:
మాస్టారూ, ఫలానా ఆయన నామినేట్ అయ్యారంటూ మా వీధిలో ఫ్లెక్సీ కట్టారు. కమిటీని అడిగితే చెబుతారా?

రిటైర్డ్ సోషల్ మాస్టారు:
చెప్పరమ్మా, 50 ఏళ్ల దాకా బయటపెట్టరు. పంపినవాళ్లు చెప్పుకుంటేనే తెలిసేది.

నా మనసులో ఉండిపోయింది మాత్రం గాంధీగారి సంగతి. పిల్లలు అడిగినప్పుడల్లా బోర్డు మీద సుద్దముక్కతో ఐదు సంవత్సరాలు రాసేవాణ్ణి: 1937, 1938, 1939, 1947, 1948. ఐదుసార్లు పేరు వెళ్లింది. చివరిదాని కింద 'జనవరి 30' అని రాయగానే వెనక బెంచీలు కూడా సద్దుమణిగేవి. ఆ ఏటి గడువు ఇంకా ముగియకముందే ఆయన్ని చంపేశారు. తగినవారెవరూ బతికి లేరంటూ కమిటీ 1948లో ఎవరికీ బహుమతి ఇవ్వలేదు. ఆ ఖాళీ చూస్తే నాకు ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది.

హనుమకొండ అభ్యర్థి:
ఫోన్ బాబాయి చేతికిచ్చాను మాస్టారూ. రెండుసార్లు చదివి, "మరి 1947లో ఎందుకివ్వలేదట?" అని అడుగుతున్నాడు.

రిటైర్డ్ సోషల్ మాస్టారు:
దేశ విభజన మంటల్లో ఉన్న రోజులు బాబూ. పాకిస్తాన్ అన్యాయం సరిదిద్దుకోకపోతే యుద్ధం తప్పదని ప్రార్థన సభలో ఆయన అన్నట్టు పేపర్లో వచ్చింది. కమిటీలో కొందరు వెనకాడారు. ఆ ఏడు బహుమతి క్వేకర్లు అనే, యుద్ధాన్ని వ్యతిరేకించే క్రైస్తవ శాఖవాళ్ల సంస్థలకు వెళ్లింది.