మతాతును మినీబస్సు అనొచ్చా?

ప్రశ్న: కెన్యాలో ప్రయాణికుల రవాణా ఎలా పెరిగిందో చెప్పే వ్యాసమొకటి తెలుగు చేస్తున్నాను. అక్కడ జనం కలిసి ఎక్కే ప్రైవేటు బండికి పేరైన 'మతాతు' అనే మాట పేరాకోసారి వస్తోంది. 'మినీబస్సు' అని రాసేస్తే సరిపోతుందా?

జవాబు: సరిపోదండీ. మతాతు అనే ఉంచి, మొదటిసారి వచ్చినచోట ఒక్క వాక్యంలో వివరించండి. మినీబస్సు అంటే బండి ఎంతుంటుందో తెలుస్తుంది, అంతే. మతాతు ఛార్జీని బట్టి పుట్టిన పేరు. స్వాహిలీలో 'తాతు' అంటే మూడు. మొదట్లో పది సెంట్ల నాణేలు మూడిస్తే ఎక్కించుకునేవారు. ఘనాలో ఇలాంటి బండికున్న 'ట్రోట్రో' పేరూ ఇలా వచ్చిందే. అక్కడి 'గా' అనే భాషలో 'ట్రో' అంటే మూడు పెన్నీలు. ఖండానికి ఆ చివరా ఈ చివరా ఉన్న రెండు దేశాల్లో జనం బండికి టికెట్ ధరే పేరుగా పెట్టుకున్నారు! ఆ పేరు తీసేస్తే ఎవరి కోసం నడిచిన బండో తెలియకుండా పోతుంది.

నైరోబీలో కెన్యా బస్ సర్వీస్ 1934లోనే మొదలైంది. 1963లో స్వాతంత్ర్యం వచ్చాక పల్లెల నుంచి జనం తరలివచ్చారు, ఊరి అంచుల్లో కొత్త పేటలు వెలిశాయి. ఆ జనానికి బస్సులు చాలలేదు. ఆ లోటు తీర్చినవి మతాతులే, కానీ చట్టం ప్రకారం అవి అనుమతి లేని బండ్లు. 1973లో అధ్యక్షుడు జోమో కెన్యాట్టా వాటిని నడుపుకోనిచ్చాడు. 1984లో ట్రాఫిక్ చట్టాన్ని సవరించినప్పుడు 'మతాతు' అనే మాటే చట్టంలోకి ఎక్కింది. చట్టం ఒప్పుకున్న మాటను అనువాదకులం మనం చెరిపేయడమెందుకు?

మరొకరు: 'ప్రైవేటు బస్సు' అంటే పాఠకులకు ఇట్టే అర్థమవుతుంది కదండీ?

జవాబు: అర్థమవుతుంది గానీ వేరే అర్థం వస్తుంది. ప్రైవేటు బస్సు అనగానే కంపెనీ, టైంటేబుల్, జీతగాళ్లు గుర్తొస్తారు. మతాతు సాధారణంగా నిండాకే కదులుతుంది. డ్రైవరూ కండక్టరూ యజమానికి రోజుకింత అని కట్టాలి, డీజిల్ ఖర్చు పోగా మిగిలిందే వాళ్లది. ఆ వేగానికీ, కిక్కిరిసిన సీట్లకూ కారణం ఈ లెక్కే. 2004లో రవాణా మంత్రి జాన్ మిచుకి స్పీడ్ గవర్నర్లు (బండి వేగం హద్దు దాటకుండా ఆపే పరికరాలు), సీటుబెల్టులు తప్పనిసరి చేశాడు. వ్యాసంలో ఆ ఘట్టం వస్తే, ముందు యజమానికి రోజూ కట్టాల్సిన ఈ సొమ్ము సంగతి చెప్పకుండా రాయకండి. లేకపోతే తప్పంతా డ్రైవర్లదే అనిపిస్తుంది.

ప్రశ్న అడిగినవారు: మరి 'మకాంగా'?

జవాబు: దానికి 'కండక్టరు' చాలు.