రాత్రి బడికి పెట్టే డబ్బులు పిలకాయల బడికి పెడితే పోదా?

కనిగిరోడు:
మా ఊళ్ళో చదువు రాని పెద్దోళ్ళకి మళ్ళీ రాత్రి బడి పెట్టారు, ఉల్లాస్ అని కేంద్రం పథకమంట. డ్వాక్రా సంఘంలో పది పాసైన అమ్మాయే వాలంటీరు, జీతం గీతం ఏం లేదు. మా అమ్మకి 58, పొద్దున ఉపాధి పనికి పోయొచ్చి వంట చేసి ఎనిమిదింటికి పుస్తకం ముందేసుకుంటే కునికిపాట్లే. ఇంకోపక్క హైస్కూల్లో లెక్కల సారు లేక పిలకాయలు యూట్యూబ్ చూసి నేర్చుకుంటన్నారు. ఈ వయసులో అఆలు దిద్ది ఏం చేస్తారు, ఆ డబ్బులేవో బడికే పెట్టొచ్చుగా? తిట్టబాకండి, నిజంగానే అడుగుతున్నా.

పెన్నా గట్టు:
ఏ డబ్బులు సామీ? ఉల్లాస్‌కి 2022 నుంచి 2027 దాకా దేశం మొత్తానికి కలిపి 1037.90 కోట్లు, టార్గెట్ చూస్తే 5 కోట్ల మంది. తలకి 207 రూపాయలు, కిలో చికెన్ కూడా రాదు. బడులకిచ్చే సమగ్ర శిక్షకి 2021-26కి 2.94 లక్షల కోట్లు. అంటే అక్కడ 280 పెడితే ఇక్కడ ఒక్క రూపాయి. తల్లికి వందనం వేరే, బిడ్డకి 13 వేలు పడతన్నాయిగా. రాత్రి బడి మూసేస్తే మీకు లెక్కల సారు వస్తాడనుకోవటం మాత్రం ఉత్త భ్రమ.

కలిగిరి పిల్ల:
అన్నా, మా పక్కూరే దూబగుంట. 1991లో నెల్లూరు జిల్లాలో అక్షరదీపం అని ఇట్టాంటి రాత్రి బళ్ళే పెట్టినప్పుడు కూడా ముసలోళ్ళకి చదువేందని నవ్వినోళ్ళే అంతా. ఆ వాచకంలో సీతమ్మ కథని ఒక పాఠం, తాగుబోతు మొగుడి సంసారం. అది చదువుకుని, మాట్లాడుకుని, 1992లో దూబగుంట రోశమ్మా వాళ్ళు ఊళ్ళో సారా కొట్టు మూయించారు. తర్వాత ఆ ఊరి కథే ‘ఆడవాళ్ళు ఏకమైతే’ అని పాఠంగా వచ్చింది, దాన్ని చదివి పక్కూళ్ళోళ్ళు కూడా సారా వేలంపాటలకి అడ్డం పడ్డారు. 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతా సారా బంద్. నెల నెలా కూలి డబ్బులు ఇంటికొస్తే లాభపడింది పిలకాయలు కాదా?

ఒంగోలు గిత్త:
చెల్లెమ్మా ఆ కథ ముప్పై ఏళ్ళ నుంచీ వింటన్నాం, కాదన్ను. దాని తర్వాత ఏమైందో కూడా చెప్పు. పెద్దోళ్ళ చదువుకే సాక్షర భారత్ అని 2009లో మొదలెట్టి 2018 మార్చిలో ఆపేశారు. మా ఊళ్ళో అయితే పరీక్ష రోజు ముసలమ్మల పేపర్లు మా ఆవిడే కూర్చుని రాసింది, అందరూ పాస్ 😂 2011 జనాభా లెక్కల్లో చదువొచ్చినోళ్ళు నెల్లూరు 69 శాతం దగ్గర ఉంటే మన ప్రకాశం 63 దగ్గరే ఆగింది. డబ్బులు పెట్టొద్దనట్లా, పెట్టినప్పుడు ఆ వాలంటీరు పిల్లకి నెలకింత ఇవ్వండి, ఊరికే చెప్పమంటే ఎన్నాళ్ళు చెప్తది?

కనిగిరోడు:
ఒంగోలు అన్న మాట కరెక్టే, ఆ అమ్మాయి కూడా పెళ్ళి కుదిరింది మానేస్తా అంటంది. రాత్రి అమ్మని అడిగినా, ఎందుకమ్మా ఈ అవస్థ అని. పోయినేడు పామూరు బస్సనుకుని పొదిలి బస్సెక్కిందంట, టికెట్ కొట్టేటప్పుడు కండక్టర్ నవ్వితే దిగిపోయి ఎండలో వెనక్కి నడిచొచ్చింది, ఎవురికీ చెప్పలా. ఇప్పుడు ‘పా’ ‘పొ’ రెండూ పుస్తకం వెనకమాల పేజీ నిండా రాసి పెట్టుకుంది. లెక్కల సారు గురించి వేరే పోస్టు పెడతా.