సముద్రాన్ని పూడ్చి మళ్ళీ రోడ్డు: ముంబయికి మేలేనా?

గిర్గావ్ పాతకాపు:
మెరైన్ డ్రైవ్ గోడ మీద కూర్చుని గాలి పీల్చుకునేవాళ్ళలో, వెనక ఉన్న రోడ్డు కూడా ఒకప్పుడు సముద్రమేనని ఎందరికి తెలుసు? 2024 మార్చిలో ఆ రోడ్డు పక్కనుంచే కోస్టల్ రోడ్డు మొదలైంది. వర్లీ దాకా 10.58 కిలోమీటర్లు. 111 హెక్టార్ల సముద్రం పూడ్చారు. పూడ్చడం గురించి నాకు పేచీ లేదు. పూడ్చింది ఎవరికోసం అన్నదే నా పేచీ. ద్విచక్ర వాహనాలకు, ఆటోలకు అందులో ప్రవేశమే లేదు.

వర్లీ వాసి:
ఏడు దీవులను కలిపి కట్టిన ఊరండీ ఇది. పూడ్చకపోతే ముంబయే లేదు. మలబార్ హిల్ కింద 2.07 కిలోమీటర్ల సొరంగంలోంచి ఒకసారి వెళ్ళి చూడండి, పాత దారి పెడ్డర్ రోడ్డులోని ట్రాఫిక్ నరకం గుర్తుకొస్తుంది. పైగా పూడ్చిన నేలలో 70 హెక్టార్లు పార్కులకే కేటాయించారు.

గిర్గావ్ పాతకాపు:
పార్కులు సరే. పూడ్చేముందు చెప్పిన మాటలు తర్వాత ఏమవుతాయో మెరైన్ డ్రైవ్ పక్కనున్న సముద్రం, బ్యాక్ బే చరిత్ర చెబుతుంది. 1920లలో గవర్నర్ జార్జ్ లాయిడ్ హయాంలో 1,145 ఎకరాలు పూడుస్తామన్నారు, సగం కూడా కాలేదు. ఖర్చు మాత్రం హద్దు దాటింది. జనం ఆ పథకానికి ‘లాయిడ్ తెలివితక్కువతనం’ అని పేరే పెట్టేశారు. అందులోని అక్రమాలను బయటపెట్టిన న్యాయవాది ఖుర్షీద్ నారిమన్ మీద హార్వే అనే ఇంజనీరు పరువునష్టం దావా వేసి, ఓడిపోయాడు. తమాషా ఏమిటంటే, తర్వాత సముద్రాన్ని పూడ్చి తీసిన నేలకే నారిమన్ పాయింట్ అని ఆయన పేరు పెట్టారు!

చర్చిగేట్ లోకల్:
మీ ఇద్దరూ కార్లలోంచి మాట్లాడుతున్నారు. మెరైన్ డ్రైవ్‌కు కూతవేటు దూరంలోనే మెరైన్ లైన్స్, చర్నీ రోడ్ స్టేషన్లు ఉన్నాయి. రోజూ లక్షల మందిని మోసేది ఆ పట్టాలే. అంత డబ్బు రైళ్ళకు పెట్టి ఉంటే?

వర్లీ వాసి:
రైలు కావాలి, రోడ్డూ కావాలి. ఒకటి ఎంచుకోమంటే ఎలా? కోస్టల్ రోడ్డు మీద బెస్ట్ వాళ్ళ సిటీ బస్సు కూడా తిరుగుతోంది కదా.

గిర్గావ్ పాతకాపు:
తిరుగుతోంది, కాదనను. దానికి వేరే వరుస ఇస్తామన్న మాట ఏమైంది? సొరంగం దాటిన కార్లు చివరికి చేరేది పాత ఆరు వరుసల మెరైన్ డ్రైవ్‌కే. అది సాగదుగా!

తీరం పక్షాన:
ఇక్కడి మత్స్యకారులు కోలీల మాట ఒక్కరూ ఎత్తలేదు. వర్లీ దగ్గర వంతెన స్తంభాల మధ్య 60 మీటర్లే వదిలితే పడవలు తిరగవని ఏళ్ళ తరబడి పోరాడితే, ఒక స్తంభం తీసేసి 120 మీటర్లు చేశారు. ఆ సంగతి నక్షా గీసే రోజునే వాళ్ళను అడిగి ఉంటే తెలిసేది. మీరేమో ట్రాఫిక్ దగ్గరే ఆగిపోయారు.

వర్లీ వాసి:
ఈ విషయంలో మీతో వాదించను. కానీ రోడ్డు వద్దన్న మాటకు మాత్రం ఒప్పుకోను.