సమస్యాపూరణం: “తల్లి పెండ్లికిఁ బుత్రుండు తాళిఁ దెచ్చె”

నిర్వాహకుడు:
సభ్యులందరికీ నమస్కారం. ఈ వారం సమస్య, అంటే ముందు మూడు పాదాలు మీరు రాసి అర్థం కుదర్చవలసిన చివరి పాదం, తేటగీతిలో ఉంది: “తల్లి పెండ్లికిఁ బుత్రుండు తాళిఁ దెచ్చె”. పాదానికి ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, రెండు సూర్యగణాలు ఉండాలి. పాదం మొదటి అక్షరంతో నాలుగవ గణం మొదటి అక్షరానికి యతి (ధ్వని మైత్రి) కుదరాలి. ప్రాస నియమం లేదు. చదవగానే ఇదేమి విడ్డూరమనిపించే ఈ మాట, పిల్లలున్న ఇంట్లో ఎంత సహజంగా జరిగిపోతుందో చూపించే పూరణలు కావాలని నా కోరిక. పురాణాల్లోకి వెళ్ళినా అభ్యంతరం లేదు కానీ, ముందు మీ ఇంటి వసారా వైపు ఒకసారి చూడండి.

రాజమహేంద్రవరం నుంచి ఒక సభ్యురాలు:
తండ్రి యరువది యేండ్లను దాటె ననుచుఁ
బిల్ల లందఱు చుట్టాలఁ బిలువ వేడ్క
మూడు ముళ్ళిడ మరలఁ దా ముదముతోడ
తల్లి పెండ్లికిఁ బుత్రుండు తాళిఁ దెచ్చె

నిర్వాహకుడు:
అమ్మా, మొదటి పూరణే నిండుగా వచ్చింది. ప్రభవ మొదలు అక్షయ వరకు అరవై సంవత్సరాలు తిరిగి, పుట్టిన ఏటి పేరు మళ్ళీ వచ్చినప్పుడు షష్టిపూర్తి చేస్తాము. 1965–66 నాటి విశ్వావసులో పుట్టిన తండ్రికి 2025–26 నాటి విశ్వావసులో ఆ వేడుక జరుగుతుంది. ఆ రోజున తల్లి మెడలో తండ్రి మళ్ళీ తాళి కడతాడు కాబట్టి, ఆ తాళిని కొనే బాధ్యత సాధారణంగా కొడుకుదే అవుతుంది. ఒక్క పదాన్నీ విరవకుండా, ఒక్క అక్షరాన్నీ సాగదీయకుండా విడ్డూరం విడిపోయింది. మూడవ పాదంలో “మరలఁ దా” అన్న చోటే పద్యానికి ప్రాణం ఉంది. “మరల” లేకపోతే సమస్య విడేది కాదు.

విశాఖపట్నం నుంచి ఒక సభ్యుడు:
మా అబ్బాయికి ఐదేళ్ళు. మా పెళ్ళి ఆల్బమ్ చూస్తూ, “పక్కింటి అన్నయ్య ఉన్నాడు, నేనెందుకు లేను?” అని నిలదీశాడు. “అప్పుడు నువ్వు దేవుడి దగ్గర ఉన్నావురా” అని మా అమ్మ సర్దిచెబితే, “అయితే దేవుడికి శుభలేఖ పంపలేదా?” అని ఏడుపు లంకించుకున్నాడు. మొన్న మా పెళ్ళిరోజున, దేవుడి గదిలోని పసుపు కొమ్మును నాయనమ్మ పూలు కట్టే దారానికి ముడివేసి, “ఈసారి నేను ముందే వచ్చేశాను” అంటూ వాళ్ళమ్మ చేతిలో పెట్టాడు. అందుకే ఈ పూరణ:

అమ్మ పెండ్లి బొమ్మలలోన నగపడమినిఁ
బిలువ లేదని యల్గిన పిల్లవాఁడు
పసుపు కొమ్మును దారానఁ బదిలపఱచి
తల్లి పెండ్లికిఁ బుత్రుండు తాళిఁ దెచ్చె

నిర్వాహకుడు:
అయ్యా, ఈ వారం నేను ఎదురుచూసినది ఇదే. పిల్లవాడు తప్పుగా అర్థం చేసుకున్నాడని మనం నవ్వుతాము కానీ, తన లెక్క ప్రకారం వాడిది పూర్తిగా న్యాయమైన ఫిర్యాదు. ఇంట్లో ప్రతి పెళ్ళికీ తనను తీసుకువెళ్ళేవాళ్ళు ఈ ఒక్క పెళ్ళికే మరిచారని వాడి బాధ. ఆ బాధను ఎగతాళి చేయకుండా పద్యంలోకి తెచ్చారు. మొదటి పాదంలో “నగపడమిని” వద్ద సంధిలో కలిసిన అకారానికి “అమ్మ”లోని అకారంతో స్వరయతి (అచ్చుల మైత్రి) చక్కగా కుదిరింది.

రెండు లోపాలు మాత్రం ఉన్నాయి. రెండవ పాదంలో “పిల్లవాఁడు”, నాలుగవ పాదంలో “పుత్రుండు” రావడంతో ఒకే క్రియకు ఇద్దరు కర్తలు నిలిచారు. పైగా, మీరు వచనంలో చెప్పిన పెళ్ళిరోజు పద్యంలో ఎక్కడా లేదు; ఆ కథ తెలియని పాఠకుడికి “పెండ్లికి” అన్న మాట అందదు. పద్యం తన కాళ్ళ మీద తాను నిలబడాలి కాబట్టి రెండవ పాదాన్ని ఇలా మార్చి చూడండి:
బిలువ లేదని యలిగి యీ పెండ్లిరోజు
ఇకారానికి ఎకారానికి యతిమైత్రి ఉంది గనుక ఇబ్బంది లేదు.

విశాఖపట్నం సభ్యుడు:
సవరణను సంతోషంగా స్వీకరిస్తున్నాను. పద్యం ఇప్పుడు మా ఇంటిదే కాక అందరి ఇంటిదీ అయింది.

వరంగల్ నుంచి ఒక సభ్యుడు:
వేసవి సెలవులందున వీధి యరుఁగు
పైన బొమ్మల పెండ్లిని బాల సేయ
దారమునఁ బూసఁ గూర్చి తాఁ దనదు చిట్టి
తల్లి పెండ్లికిఁ బుత్రుండు తాళిఁ దెచ్చె

నిర్వాహకుడు:
ధార బాగుంది, వీధి అరుగు కళ్ళకు కట్టింది. అయితే “చిట్టి” చేర్చగానే తల్లి కాస్తా చెల్లెలైపోయి, సమస్యలోని చిక్కు విడిపోవడానికి బదులు మాయమైపోయింది. చెల్లెలికి తెచ్చిన అన్నను “పుత్రుండు” అనడం కూడా అతకలేదు.

వరంగల్ సభ్యుడు:
గురువుగారూ, ముందు పాదం చివర అక్షరాలు చేర్చి అర్థం మార్చడం అవధానులు కూడా పాటించే పద్ధతే కదా?

నిర్వాహకుడు:
పద్ధతి సమ్మతమే, నేను కాదనను. కానీ తెనాలి రామకృష్ణుని పేరుతో ప్రచారంలో ఉన్న “కుంజరయూథంబు దోమ కుత్తుక జొచ్చెన్” సమస్యను తలచుకోండి. విరటుని కొలువులో పాండవులు తలదాచుకోవలసి వచ్చిన సందర్భాన్ని తెచ్చి, వారిని ఏనుగులతో, విరటుని దోమతో పోల్చి పూరించారే తప్ప, అక్కడ మాటలను విరిచి అర్థం మార్చలేదు. సందర్భం దొరకనప్పుడు విరుపు ఆదుకుంటుంది. పిల్లల విషయంలో సందర్భాలకు కొదవేమిటి?

ఖమ్మం నుంచి ఒక కొత్త సభ్యురాలు:
ఇది నా తొలి ప్రయత్నం. తప్పులుంటే తెలుపగలరు.

భద్రగిరి పైన సీతమ్మ పరిణయమున
కన్న కొడుకట్లు గోపన్న మిగుల భక్తి
జగము నేలెడు జానకి జనని యనుచు
తల్లి పెండ్లికిఁ బుత్రుండు తాళిఁ దెచ్చె

రాజమహేంద్రవరం సభ్యురాలు:
అమ్మాయీ, గణాలన్నీ సరిపోయాయి. రెండవ పాదంలో “కన్న”కు “మిగుల” యతి చెల్లదు. “మిగుల” తీసి అదే అర్థమున్న “కరము” పెట్టు, గణమూ మారదు.

నిర్వాహకుడు:
సరైన సవరణ. భద్రాద్రి కల్యాణంలో గోపన్న, అంటే రామదాసు, చేయించిన మంగళసూత్రాన్ని కూడా అమ్మవారికి అలంకరించే ఆనవాయితీ ఉంది కనుక భావానికి మంచి ఆధారం దొరికింది. ఇందులో హాస్యం కంటే భక్తి పాలు ఎక్కువ; తొలి పద్యానికి అది లోపం కాదు. ఇకపై విడువకుండా రాస్తూ ఉండమ్మా.

వచ్చే వారానికి సమస్య, ఇదీ తేటగీతి పాదమే: “తాతఁ గొట్టిన మనుమని తల్లి మెచ్చె”. చదరంగం బల్ల దగ్గరికి చాలామంది పరుగెత్తుతారని తెలుసు; అంతకంటే లోపలికి వెళ్ళి వెతకండి.