డల్లాస్‌లో కొత్త ప్రాజెక్టు: ఫీచర్ ఎంత, యూజర్ స్టోరీ ఎంత?

తిరుపతి అమ్మాయి, డల్లాస్:
అందరికీ నమస్కారం. ఈ మధ్యే వచ్చి ఉద్యోగంలో చేరాను. ఊళ్లో టెస్టింగ్ చేసేదాన్ని, ఇక్కడ బిజినెస్ అనలిస్ట్‌గా వేశారు. ఫీచర్లు (సాఫ్ట్‌వేర్ ఇచ్చే పెద్ద సౌకర్యాలు) విడగొట్టి యూజర్ స్టోరీలు (వాడేవాడికి కావలసిన ఒక్కో చిన్న పని) రాయమంటున్నారు. ఏది ఎంత ఉండాలో తెలియక టెన్షన్‌గా ఉంది.

చిత్తూరు అన్న:
మన కొండ సంగతితోనే చెబుతానమ్మా. శ్రీవారి 300 రూపాయల దర్శనం టికెట్ ఆన్‌లైన్‌లో తీసుకోవడం ఒక ఫీచర్ అనుకో. "ఇంటిల్లిపాదితో వచ్చే భక్తుడికి ఏ తేదీన టికెట్లు ఉన్నాయో కనిపించాలి, దాన్నిబట్టి రైలు రిజర్వేషన్ చేసుకుంటాడు" అన్నది ఒక స్టోరీ. డబ్బు కట్టడం ఇంకొకటి. డబ్బు పోయి టికెట్ రాకపోతే వాపసు ఇవ్వడం మరొకటి. స్టోరీ ఒక్క స్ప్రింట్‌లో, అంటే టీమ్ పెట్టుకునే నెలలోపు పని విడతలో అయిపోవాలి. ఫీచర్‌కి కొన్ని స్ప్రింట్లు పట్టొచ్చు.

అంతకన్నా ముఖ్యం, పొరలుగా కోయనివ్వకు. నేను పనిచేసిన ఒక చోట మేనేజరు డేటాబేస్‌కి ఒక స్టోరీ, స్క్రీన్‌కి ఒకటి, సర్వీసుకి ఒకటి రాయించాడు. అన్ని స్టోరీలూ పూర్తయినట్టే చూపించేవాళ్లు. డెమోలో మాత్రం బటన్ నొక్కితే ఏమీ వచ్చేది కాదు. క్లయింటు కోప్పడితే మేనేజరు తప్పంతా టీమ్ మీదకి నెట్టాడు. ముందు పోయింది మన పిల్లల ఉద్యోగాలే. హెచ్‌1బి వాళ్లకు ఉద్యోగం పోతే గరిష్ఠంగా 60 రోజులే గడువు. ఆ పిల్లల అవస్థ తలుచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది. ఎంత చిన్న స్టోరీ అయినా వాడేవాడికి పనికొచ్చేది ఏదో ఒకటి ఇవ్వాలి.

పుత్తూరు అక్క, న్యూజెర్సీ:
తమ్ముడు రాసింది ఫార్మాట్‌లో లేదు. ఎవరికి, ఏం కావాలి, ఎందుకు అన్నవి విడివిడిగా కనిపించాలి. యాక్సెప్టెన్స్ క్రైటీరియా (ఏమేం జరిగితే పని అయినట్టో చెప్పే షరతులు) లేకుండా డెవలపర్‌కి అసలే ఇవ్వకమ్మా.

చిత్తూరు అన్న:
ఆ ఫార్మాట్ తప్పనిసరి కాదక్కా. స్ప్రింట్లతో పనిచేసే పద్ధతి స్క్రమ్, దాని నియమాలు చెప్పే 2020 స్క్రమ్ గైడ్‌లో యూజర్ స్టోరీ ప్రస్తావనే లేదు. యూజర్ స్టోరీ ఎక్స్‌ట్రీమ్ ప్రోగ్రామింగ్ అనే ఇంకో పద్ధతి నుంచి వచ్చింది. ఆ పద్ధతి తెచ్చినవాళ్లలో ఒకడైన రాన్ జెఫ్రీస్ స్టోరీకి కావాలని చెప్పినవి మూడే: కార్డు, దాని గురించి మాట్లాడుకోవడం, అయిందని ఖాయం చేసుకోవడం.

పుత్తూరు అక్క, న్యూజెర్సీ:
మీరంతా ఒకే గదిలో కూర్చుంటారు కాబట్టి సరిపోతుంది. మా టీమ్‌లో సగం మంది హైదరాబాదులో ఉన్నారు. వాళ్లు పని మొదలుపెట్టే వేళకి మాకు రాత్రి. రాసి పెట్టకపోతే ఎవరిని అడుగుతారు?

పీలేరు వాసి, సియాటిల్:
మీ వాదన తర్వాత చేసుకోండి. టీమ్ పనులు రాసుకునే సాఫ్ట్‌వేర్లు రెండున్నాయి, అజూర్ డెవ్‌ఆప్స్, జిరా. అజూర్ డెవ్‌ఆప్స్ ఎజైల్ పద్ధతిలో ఎపిక్ (అన్నిటికన్నా పెద్ద పని), ఫీచర్, యూజర్ స్టోరీ, టాస్క్ పెద్దదాని కింద చిన్నదిగా వరుసగా ఉంటాయి. జిరాలో మామూలుగా ఎపిక్ కిందే స్టోరీ వస్తుంది. మీ టీమ్ ఏది వాడుతోందో చెప్పమ్మా. ప్రొడక్ట్ ఓనర్ (ఏ పని కావాలో తేల్చేవాడు) ఇంతకుముందు ఒప్పుకున్న స్టోరీలు నాలుగైదు తెరిచి చదువు, అక్కడి కొలత తెలుస్తుంది.