గ్రీన్ జీబ్రా టమాటా: కాయ అడుగు నల్లబడుతోంది, ఏం చేయాలి?

హైదరాబాద్‌లో మేడ మీద 40 లీటర్ల గ్రో బ్యాగులో గ్రీన్ జీబ్రా మొక్క. ఎర్రమట్టి, వర్మీకంపోస్టు, కోకోపీట్ సమపాళ్లు. కాయ నిమ్మకాయంత అయ్యేసరికి పూత రాలిన చోట గోధుమరంగు మచ్చ లేచి, నల్లబడి తోలులా గట్టిపడుతోంది. మొదటి గెలల్లోనే ఎక్కువ. పురుగు కన్నం లేదు, కాబట్టి కాల్షియం అందకే అనుకుంటున్నాను.

బ్యాగు మధ్యాహ్నానికే ఎండిపోతోంది, కాయకు కాల్షియం అందకపోవడానికి అసలు కారణం అదేనేమో. గుడ్డు పెంకులు త్వరగా కరగవు. కాల్షియం నైట్రేట్ ఆకులపై కొడితే కాయకు చేరదంటారు. మరి లీటరు నీళ్లకు 2 గ్రాములు కలిపి మొక్క మొదలు దగ్గర పోయనా? ఎండుగడ్డి మల్చింగ్ (మట్టిపై గడ్డి కప్పడం), రెండు పూటలా నీళ్లు చాలవా? యూరియా మాత్రం ఆపేశాను.

ఇంకొకటి: ఇది పండినా పచ్చగానే ఉంటుంది కదా, చారల మధ్య పసుపు తిరిగి, వేలితో నొక్కితే కాస్త మెత్తగా తగిలినప్పుడే కోయాలా? పెంచినవాళ్లు దయచేసి చెప్పండి.